సైట్ గ్లాస్‌లో ఆయిల్ తగ్గితే పోయాలా, వెతకాలా?

విభాగం: చిల్లర్లు, ఐస్ ప్లాంట్లు – విశాఖపట్నం

నైట్‌షిఫ్ట్ | జనవరి 27, రాత్రి 1:40

అందరికీ నమస్కారం. బీచ్ రోడ్డు వైపు ఒక హోటల్లో యుటిలిటీ ఆపరేటర్‌ని. మాకు రెండు చిల్లర్లు, ఏసీ కోసం నీళ్లు చల్లబరిచే మెషీన్లు. ఒక్కోటి 200 టన్నుల కూలింగ్ కెపాసిటీ, వాటర్ కూల్డ్, స్క్రూ కంప్రెసర్ (రెండు మరల రోటర్లు గ్యాస్‌ను నొక్కే రకం), ఆర్134ఏ గ్యాస్, ఫ్లడెడ్ ఎవాపరేటర్ (నీళ్ల ట్యూబులు మరిగే లిక్విడ్ గ్యాస్‌లో మునిగి ఉండే రకం). గొడవంతా రెండో దానితో.

డిసెంబర్ మొదట్లో సైట్ గ్లాస్‌లో (లోపలి లెవెల్ చూసే గాజు కిటికీలో) ఆయిల్ ముప్పావు దాకా కనిపించేది. సంక్రాంతికి వారం ముందు సగం కిందకు దిగింది. ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) అబ్బాయి వచ్చి 5 లీటర్లు పోశాడు. పండగ అయ్యేసరికి మళ్లీ దిగింది, ఇంకో 4 లీటర్లు పోశాడు. ఇవాళ చూస్తే పావు గ్లాసు. కంప్రెసర్ కింద గానీ, ఫ్లాంజిల దగ్గర గానీ ఒక్క నూనె మరక లేదు. తెల్ల గుడ్డతో తుడిచి చూశాను, గుడ్డ తెల్లగానే ఉంది.

మా చీఫ్ ఇంజినీర్ గారు మళ్లీ పోయించమంటున్నారు. "స్క్రూకి ఆయిలే సీలు. లెవెల్ నిండుగా ఉంటే రోటర్ల సందు బాగా మూసుకుంటుంది, కూలింగ్ బాగా వస్తుంది" అని ఆయన మాట. నాకు మింగుడు పడటం లేదు. పోసిన 9 లీటర్లు ఎక్కడికి పోయాయి? పోసిన కొద్దీ చిల్లర్ బాగుపడకపోగా ఆంప్స్ పెరుగుతున్నాయి.

ఇంతకీ అడిగేది ఇది. లెవెల్ పెంచితే కూలింగ్ పెరుగుతుందా? తగ్గినప్పుడల్లా పోస్తూ పోవడం సరైన పనేనా?

ఐస్‌ఫ్యాక్టరీ బాబాయ్ | జనవరి 27, ఉదయం 5:55

ఏటి బాబూ, ఇందులో ఆలోచించడానికేముంది? పోయండి. ఫిషింగ్ హార్బర్ దగ్గర 26 ఏళ్లుగా అమ్మోనియా స్క్రూలు తిప్పుతున్నాను. కింది గ్లాసు దాటక ముందే పోస్తాం. రాత్రి రెండింటికి లో-ఆయిల్ ట్రిప్ పడి మెషీన్ ఆగిపోతే బ్లాస్ట్ ఫ్రీజర్‌లో ఉన్న రొయ్యకు సమాధానం ఎవరు చెబుతారు? ఆయిల్ ఖర్చు చూసుకుని కంప్రెసర్ పోగొట్టుకున్న వాళ్లను ఇద్దర్ని చూశాను.

గాజువాక ఫిట్టర్ | జనవరి 27, ఉదయం 8:20

తమ్ముడూ, మీ చీఫ్ గారి మాటలో మొదటి సగం నిజం. రెండో సగం కాదు.

స్క్రూలో ఆయిల్ నాలుగు చాకిరీలు చేస్తుంది. బేరింగులను తడుపుతుంది. రోటర్‌కీ రోటర్‌కీ మధ్య, రోటర్‌కీ కేసింగ్‌కీ మధ్య వెంట్రుకవాసి సందును మూస్తుంది. కంప్రెషన్‌లో పుట్టే వేడిని కొంత లాక్కుపోతుంది. లోడ్ పెంచి తగ్గించే స్లైడ్ వాల్వ్‌ను అటూ ఇటూ జరిపేదీ ఆయిల్ ప్రెషరే. 1930లలో స్వీడన్ ఇంజినీర్ ఆల్ఫ్ లిషోల్మ్ ఈ జంట స్క్రూను రూపొందించినప్పుడు లోపల ఆయిల్ చిమ్మేవాళ్లు కాదు. రోటర్లు ఒకదాన్నొకటి తాకకుండా టైమింగ్ గేర్లు పెట్టేవాళ్లు. ఆయిల్ ఇంజెక్షన్ వచ్చాక ఆ గేర్లతో పనిలేకుండా పోయింది. ఇవాళ మీ చిల్లర్‌లో ఒక రోటర్ ఇంకో రోటర్‌ను ఆయిల్ పొర మీదే తిప్పుతోంది. ఆయిల్ లేకపోతే స్క్రూ లేదు, అక్కడిదాకా వాదన లేదు.

కానీ రోటర్లలోకి ఎంత ఆయిల్ వెళ్లాలన్నది సైట్ గ్లాస్ తేల్చదు. మీ రకం మెషీన్లలో చాలావాటికి ఆయిల్ పంపు ఉండదు. బయటికొచ్చే గ్యాస్ నుంచి ఆయిల్‌ను విడదీసే సెపరేటర్‌లో ప్రెషర్ ఎక్కువ, రోటర్ల దగ్గర తక్కువ. ఆ తేడాయే ఆయిల్‌ను నెడుతుంది. దారిలో ఉన్న చిన్న రంధ్రం ఎంత వెళ్లాలో చూసుకుంటుంది. పికప్ పైపు మూతి ఆయిల్లో మునిగి ఉన్నంత సేపూ లెవెల్ పావు అయినా ముప్పావు అయినా రోటర్లకు అందేది ఇంచుమించు ఒకటే. ప్రమిదలో వత్తి తడిసేంత నూనె ఉంటే దీపం వెలుగుతుంది. పొర్లేదాకా పోస్తే వెలుగు పెరగదు, గూడు జిడ్డవుతుంది.

ఆ జిడ్డు ఎక్కడ అవుతుందో కూడా చెబుతాను. సెపరేటర్ పని చేసేది దాని లోపలి ఖాళీ జాగాతోనే. గ్యాస్ అక్కడ నెమ్మదించి, మలుపు తిరిగి, ఆయిల్ చుక్కలను వదిలెయ్యాలి. ఆ జాగాను ఆయిల్‌తోనే నింపేస్తే గ్యాస్ ఆ నూనెను చిమ్ముకుంటూ, గ్యాస్ లిక్విడ్‌గా మారే కండెన్సర్‌కు మోసుకుపోతుంది. అక్కడినుంచి లిక్విడ్‌తో పాటు ఎవాపరేటర్‌లో దిగుతుంది. గ్యాస్ మరిగి పైకి పోతుంది, ఆయిల్ మరగదు. కింద కూర్చుంటుంది. అప్పుడు సైట్ గ్లాస్‌లో లెవెల్ తగ్గిందంటూ మీరు మళ్లీ పోస్తారు.

చిల్లర్ మీ మోపెడ్ కాదు, ఆయిల్ కాలి పొగై పోవడానికి. మూసిన సిస్టమ్. బయట మరక లేదంటే మీ 9 లీటర్లూ లోపలే ఉన్నాయి. నేను పందెం కాస్తాను, ఎవాపరేటర్‌లో ఉన్నాయి.

రీడింగులు పెట్టు. ఎవాపరేటర్ శాచురేషన్ టెంపరేచర్ (అక్కడ గ్యాస్ మరిగే టెంపరేచర్), బయటికొచ్చే చిల్డ్ వాటర్, కండెన్సింగ్ టెంపరేచర్, డిశ్చార్జ్ టెంపరేచర్ (కంప్రెసర్ నుంచి బయటికొచ్చే గ్యాస్‌ది). పగలు ఒకసారి, రాత్రి ఒకసారి. రెండు చిల్లర్లవీ కావాలి.

ఏఎంసీ కుర్రోడు | జనవరి 27, మధ్యాహ్నం 1:15

నేను ఆ హోటల్‌కు వెళ్లేవాణ్ణి కాదు గానీ ఇదే పని చేస్తాను కాబట్టి రాస్తున్నా. రోజుకు నాలుగు సైట్లు. మధురవాడలో ఒకటి, కూర్మన్నపాలెంలో ఒకటి పడితే దారిలోనే రెండు గంటలు పోతాయి. సైట్‌కు వెళ్తే అడిగే మొదటి మాట "లెవెల్ వచ్చిందా?" లెవెల్ కనిపిస్తేనే సర్వీస్ రిపోర్ట్ మీద సంతకం. ఎవాపరేటర్ నుంచి ఆయిల్‌ను వెనక్కి తెచ్చే రికవరీ లైన్ ఫిల్టర్ మారుద్దామంటే వాల్వులు మూసి, ఆ ముక్కలో గ్యాస్ తీసి, మార్చి, వాక్యూమ్ పెట్టి, లీక్ చూసి... పూట ఆపాలి. "గెస్టులున్నారు, ఇవాళ కాదు" అంటారు. ఆయిల్ పోయడానికి అరగంట చాలు. మమ్మల్ని తిట్టే ముందు ఇది కూడా చూడండి అన్నా.

గాజువాక ఫిట్టర్ | జనవరి 27, మధ్యాహ్నం 1:50

తిట్టలేదు తమ్ముడూ. ఆ సంతకం కోసం నేనూ పోశాను చాలాసార్లు.

పరవాడ యుటిలిటీ | జనవరి 27, రాత్రి 9:05

ఒక చిన్న మాట. ఆ పావు గ్లాసు రీడింగ్ ఎప్పుడు చూశావు? ఆగి ఉన్నప్పుడా, నడుస్తున్నప్పుడా? స్టార్ట్ చేసిన పది నిమిషాల్లో నురగ తప్ప ఏమీ కనిపించదు. లోడ్ నిలకడపడ్డాక, రోజూ ఒకే లోడ్ దగ్గర, టార్చ్ పక్క నుంచి కొట్టి చూడాలి. మా దగ్గర ఒకాయన గ్లాసు తళతళా మెరుస్తోందని ఖాళీ అనుకుని పోశాడు. అది నిండిపోయిన గ్లాసు. నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా గీత కనిపించదు కదా, రెండూ ఒకేలా ఉంటాయి.

నైట్‌షిఫ్ట్ | జనవరి 28, తెల్లవారుజామున 4:30

పరవాడ అన్నా, నడుస్తున్నప్పుడే చూశాను, గీత స్పష్టంగా ఉంది.

ఫిట్టరన్నా, రీడింగులు ఇవిగో.

పగలు, 75 శాతం లోడ్ మీద. రెండో చిల్లర్: చిల్డ్ వాటర్ 7.2, ఎవాపరేటర్ శాచురేషన్ 2.6. ఒకటో చిల్లర్ అదే లోడ్‌లో: 7.2, 5.0. కండెన్సింగ్ రెండింటికీ 35. డిశ్చార్జ్ రెండో దానికి 43, ఒకటో దానికి 48.

రాత్రి రెండింటికి. రెండు చిల్లర్లూ నడుస్తున్నాయి, ఒక్కోటి 30, 35 శాతం మధ్య. కూలింగ్ టవర్ నుంచి కండెన్సర్‌కు వచ్చే నీళ్లు 22. కండెన్సింగ్ 26. రెండో దాని డిశ్చార్జ్ 31.

నేమ్‌ప్లేట్ మీద గ్యాస్ 260 కిలోలు, ఆయిల్ 22 లీటర్లు.

గాజువాక ఫిట్టర్ | జనవరి 28, ఉదయం 7:45

ఇప్పుడు మాట్లాడుకుందాం.

ముందు అప్రోచ్. చిల్డ్ వాటర్‌కూ శాచురేషన్‌కూ తేడా ఒకటో దానికి 2.2. రెండో దానికి 4.6. ఒకే నీళ్లు, ఒకే లోడ్. రెండో దాని ట్యూబులకూ గ్యాస్‌కూ మధ్య ఏదో అడ్డుపడుతోంది. గ్యాస్ తక్కువైనా, నీటి వైపు పాచి పట్టినా ఇలాగే ఉంటుంది, అవి కూడా చూడాలి. అయితే ఆ రెండూ ఆయిల్ ఎందుకు తగ్గుతోందో పూర్తిగా చెప్పవు.

ఇక డిశ్చార్జ్. ఇక్కడే మీ చీఫ్ గారికి జవాబు ఉంది. ఆయిల్ నిజంగా తక్కువై రోటర్లకు అందకపోతే సీలు పోతుంది. కంప్రెస్ అయిన గ్యాస్ వెనక్కి జారి మళ్లీ మళ్లీ నలుగుతుంది, చల్లార్చే ఆయిల్ కూడా ఉండదు. అప్పుడు డిశ్చార్జ్ టెంపరేచర్ పెరగాలి. నీది తగ్గింది! పగలు కండెన్సింగ్ కంటే 8 డిగ్రీలే ఎక్కువ, రాత్రి 5. ఒకటో దానికి పగలు 13 ఉంది. అంటే రెండో దానిలో సక్షన్ నుంచి తడి గ్యాస్ వస్తోంది. ఎవాపరేటర్‌లో ఆయిల్ చేరితే మరిగేటప్పుడు నురగ లేస్తుంది, ఆ నురగతో లిక్విడ్ తుంపరలు కంప్రెసర్‌లోకి లేచిపోతాయి. ఇంత తక్కువ సూపర్‌హీట్‌తో (కండెన్సింగ్ పైన ఉన్న ఆ 8, 5 డిగ్రీలే) గ్యాస్ సెపరేటర్‌లోకి వెళ్తే ఆయిల్లో గ్యాస్ బాగా కరిగి పలచబడుతుంది. పలచటి ఆయిల్ సీలు సరిగా వెయ్యదు, సెపరేటర్‌లోనూ సరిగా విడిపోదు. ఇంకా కొంత కొట్టుకుపోతుంది. ఒకదానికొకటి తోడు.

చేతి లెక్క ఒకటి. ముప్పావు నుంచి సగం కిందకు దిగినప్పుడు మొదట పోయింది నాలుగు లీటర్లు అనుకో. తర్వాత పోసిన 9 కూడా వెళ్లాయి. 13 లీటర్లు, దాదాపు 13 కిలోలు. నడుస్తున్నప్పుడు 260 కిలోల గ్యాస్‌లో సగం ఎవాపరేటర్‌లో ఉందనుకుంటే 130 కిలోల్లో 13. పదో వంతు నూనె. పులుసులో అంత నూనె వేస్తే మా ఇంట్లో గిన్నె తోమరు.

కొత్త ఆయిల్ ఇప్పుడు పోయకు.

ఐస్‌ఫ్యాక్టరీ బాబాయ్ | జనవరి 28, ఉదయం 10:30

ఫిట్టర్ గారూ, మీ లెక్క బాగుంది. కానీ ఇవాళ రాత్రి ఆ కుర్రాడు ఒక్కడే ఉంటాడు. పావు గ్లాసు. సెన్సర్ ట్రిప్ కొడితే మేనేజర్ ఫోన్ ఎవరు ఎత్తాలి? "వెతుకుతున్నాం సార్" అంటే ఊరుకుంటారా? పోయకు అని కుర్చీలో కూర్చుని రాయడం సులువు.

ఇంకో సంగతి. మా దగ్గర ఆయిల్ పోకుండా ఉండదు. ఎంత మంచి కోలెసర్ (ఆయిల్ తుంపరలను పట్టే ఫిల్టర్) పెట్టినా కొంచెం కొంచెం పోతూనే ఉంటుంది. దానికి పోసుకోవడమే మందు. 26 ఏళ్లలో మా కంప్రెసర్లు ఆయిల్ పోసినందువల్ల పాడవలేదు.

గాజువాక ఫిట్టర్ | జనవరి 28, ఉదయం 11:40

బాబాయ్, మీ ప్లాంట్లో మీరన్నది అక్షరాలా కరెక్ట్. ఎందుకంటే మీది అమ్మోనియా. అమ్మోనియాతో మినరల్ ఆయిల్ కలవదు. లీటరు అమ్మోనియా లిక్విడ్ ముప్పావు కిలో కూడా తూగదు, ఆయిల్ దానికంటే బరువు. అందుకని కొట్టుకుపోయిన ఆయిల్ వెళ్లి లో ప్రెషర్ వెస్సెల్ అడుగున, ఆయిల్ పాట్‌లో దిగిపోతుంది. మీరు దాన్ని కిందినుంచి తీసేస్తారు, పైనుంచి కొత్తది పోస్తారు. తీసినదాన్ని మళ్లీ వాడరు. పోయడం మీ పద్ధతిలో భాగం.

ఈయనది ఆర్134ఏ, పీఓఈ అనే సింథటిక్ ఆయిల్. రెండూ పాలూ నీళ్లలా కలిసిపోతాయి. అడుగున విడిగా దిగదు, తీయడానికి ఆయిల్ పాట్ ఉండదు. వెళ్లినదాన్ని చిల్లరే వెనక్కి తెచ్చుకోవాలి. అందుకు ఎడక్టర్ అని ఒకటి పెడతారు. పాత ఫ్లిట్ పంపు గుర్తుందా? గాలి జోరుగా పోతుంటే డబ్బాలో మందు దానంతట అదే పైకి లేచేది. అదే సూత్రం. హై ప్రెషర్ గ్యాస్ సన్నటి నాజిల్లోంచి దూసుకుపోతూ ఎవాపరేటర్‌లోని ఆయిల్ మిశ్రమాన్ని లాగి సక్షన్‌లో పడేస్తుంది. ఈ దారి మూసుకుపోతే మీరు ఎంత పోసినా ఒకవైపే ప్రయాణం.

మీకు ఒక ప్రశ్న బాబాయ్. మీరు పోసిన ఆయిల్, తీసిన ఆయిల్ రాసుకుంటారా?

ఐస్‌ఫ్యాక్టరీ బాబాయ్ | జనవరి 28, మధ్యాహ్నం 12:25

రాయకపోతే ఎలా? ఎడమ పేజీ పోసింది, కుడి పేజీ తీసింది. నెల తిరిగేసరికి 20 పోసి 12 తీస్తే మిగతా 8 ఎక్కడ కూర్చుందో చూస్తాం. ఏదో కాయిల్‌లో కూర్చుంటుంది, ఆ రూమ్ చల్లబడటం మానేస్తుంది.

తీసేటప్పుడు మాత్రం స్ప్రింగ్‌తో తనంతట తానే మూసుకునే వాల్వ్ లేకుండా ఎవరూ ఆయిల్ పాట్ దగ్గరికి వెళ్లకండి. నూనె అయిపోయి వెనకాలే అమ్మోనియా వస్తుంది. చెయ్యి తీస్తే మూసుకోవాలి. ఇది అడగకపోయినా చెబుతున్నాను.

గాజువాక ఫిట్టర్ | జనవరి 28, మధ్యాహ్నం 12:40

మరి నేను చెప్పేదీ అదే కదా బాబాయ్! తమ్ముడి హోటల్లో ఎడమ పేజీ ఒక్కటే ఉంది.

రాత్రి ట్రిప్ మాటకొస్తే, సరే. గ్లాసు అడుగుకు చేరితే ఒక్క లీటరు పోసి, తేదీ వేసి రాయి. ట్రిప్ కంటే అది నయం. కానీ దాన్ని రిపేరు అనుకోవద్దు, అప్పు అనుకో. ఆయిల్ వెనక్కి వచ్చిన రోజు ఆ లీటరు తియ్యాల్సిందే.

యూనిట్ల లెక్క | జనవరి 28, రాత్రి 8:10

ఎనర్జీ ఆడిట్లు చేస్తుంటాను. ఇక్కడ ఆయిల్ భయం కొంచెం ఎక్కువైందనిపిస్తోంది. గ్యాస్‌లో కొద్దిపాటి ఆయిల్ ఉంటే మరిగేటప్పుడు నురగ వచ్చి పై వరస ట్యూబులు కూడా తడిసి హీట్ ట్రాన్స్‌ఫర్ మెరుగైన సందర్భాలూ ఉన్నాయి. ప్రతి చుక్కా శత్రువు కాదు. ముందు నీటి వైపు ట్యూబులు శుభ్రం చేసి చూడండి.

టవర్ నీళ్లు 22 రావడం మాత్రం చాలా బాగుంది, దాన్ని కదపొద్దు. కండెన్సింగ్ 1 డిగ్రీ తగ్గితే కరెంటు 2, 3 శాతం తగ్గుతుంది. ఏడాదిలో పది నెలలు ఉక్కతో చచ్చే ఊరు మనది. ఈ రెండు నెలలైనా చల్లటి నీళ్లు వాడుకోకపోతే ఎలా?

గాజువాక ఫిట్టర్ | జనవరి 28, రాత్రి 9:30

కొద్దిపాటి ఆయిల్ మాట ఒప్పుకుంటాను, ఒకటి రెండు శాతం దగ్గర. పది శాతం దగ్గర ఒప్పుకోను.

22 డిగ్రీల దగ్గర మాత్రం మనిద్దరికీ కుదరదు సార్. ఈయన మెషీన్లో ఆయిల్‌ను నెట్టేది ప్రెషర్ తేడా, ఎడక్టర్‌ను నడిపేదీ ప్రెషర్ తేడాయే. వేసవిలో కండెన్సింగ్ 38 ఉంటే కండెన్సర్‌లో 8.6 బార్ గేజ్. ఎవాపరేటర్‌లో 2.3 దాకా. తేడా 6 బార్ పైనే. ఇప్పుడు రాత్రి 26 దగ్గర కండెన్సర్‌లో 5.8 బార్. తేడా మూడున్నర. పైగా 30 శాతం లోడ్. గ్యాస్ వేగం తగ్గింది, ఎడక్టర్ ఊపిరి తగ్గింది. ఆయిల్ డిసెంబర్‌లోనే ఎందుకు పోవడం మొదలైందో చూడండి. మన ఊళ్లో లంబసింగి చలి అక్కర్లేదు, టవర్ ఫ్యాన్లన్నీ తిప్పితే చాలు.

మీ లెక్కతోనే ఒకటి అడుగుతా. ఎవాపరేటర్ వైపు కూడా 1 డిగ్రీకి ఇంచుమించు 3 శాతం అంటారు కదా? రెండో చిల్లర్ అప్రోచ్ 2.4 డిగ్రీలు చెడింది. అంటే 7 శాతం. రాత్రి టవర్ దగ్గర మిగిల్చింది పగలు ఎవాపరేటర్ దగ్గర కడుతున్నారు.

యూనిట్ల లెక్క | జనవరి 28, రాత్రి 10:05

ఒక్కటి చెప్పండి. ఒకటో చిల్లర్‌కు కూడా అదే టవర్, అదే చలి, అదే 30 శాతం. దానికి ఆయిల్ ఎందుకు పోలేదు? తప్పు నీళ్లదైతే రెండూ పోవాలి. నాకు తెలిసి రెండో దాని ఎడక్టర్ లైన్ ఫిల్టర్ మూసుకుంది. ఒక ఫిల్టర్ కోసం టవర్ సెట్టింగ్ మార్చడమెందుకు?

గాజువాక ఫిట్టర్ | జనవరి 28, రాత్రి 10:20

మంచి ప్రశ్న. తమ్ముడూ, ఒకటో దాని లాగ్ బుక్ డిసెంబర్ నుంచి తిరగెయ్యి.

నైట్‌షిఫ్ట్ | జనవరి 29, రాత్రి 2:15

తిరగేశాను. ఒకటో దాని లెవెల్ కూడా దిగింది! డిసెంబర్ 3న ముప్పావు అని ఉంది, జనవరి 25న సగానికి కొంచెం పైన. నెమ్మదిగా దిగింది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. రాసింది నేనే, సగం పేజీలు నా సంతకమే.

ఎడక్టర్ లైన్ రెండింటికీ చెయ్యి పెట్టి చూశాను. ఒకటో దాని లైన్ చల్లగా చెమట పట్టి ఉంది. రెండో దానిది గది వేడిలోనే ఉంది, పొడి.

గాజువాక ఫిట్టర్ | జనవరి 29, ఉదయం 7:10

రెండో దాని లైన్ పొడిగా ఉందంటే అందులో ఏమీ కదలడం లేదు, ఫిల్టర్ మూసుకుంది. ఒకటో దాని లెవెల్ కూడా దిగిందంటే చల్లటి నీళ్లదీ తప్పుంది. ఇద్దరం సగం సగం గెలిచాం. ఫిల్టర్ మార్పించు.

పరవాడ యుటిలిటీ | జనవరి 29, రాత్రి 9:40

ఈ చర్చలో ఒకటి ఎవరూ అనలేదు, సైట్ గ్లాస్ అబద్ధం కూడా చెబుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు నేను సిటీలో ఒక ఆఫీసు బిల్డింగ్‌లో చేసేవాణ్ణి. రోజుల తరబడి కరెంటు లేదు. డీజిల్ దొరికింది లిఫ్టుకూ లైట్లకే. చిల్లర్ ఆయిల్ హీటర్ గుర్తు ఎవరికుంటుంది? కరెంటు వచ్చిన పూట చూస్తే సైట్ గ్లాస్ నిండుగా ఉంది. "ఆయిల్ బాగుంది, ఆన్ చెయ్" అన్నారు పైవాళ్లు. అది ఆయిల్ కాదు, సగం గ్యాస్. హీటర్ లేక చల్లబడిన ఆయిల్లోకి గ్యాస్ చేరి కరిగిపోయింది. స్టార్ట్ చెయ్యగానే ప్రెషర్ పడి తెల్లగా పొంగింది, అచ్చం సోడా కాయ కొట్టినట్టు. నిమిషంలోపు గ్లాసు ఖాళీ, లో-ఆయిల్ ట్రిప్. అప్పుడు హీటర్ వేసి 24 గంటలు కూర్చున్నాం. మర్నాడు ఒక్క లీటరు పోయకుండా నడిచింది. ఆ రోజు హడావుడిలో ఆయిల్ పోసి ఉంటే ఏమయ్యేదో.

ఏఎంసీ కుర్రోడు | జనవరి 30, ఉదయం 9:00

నైట్‌షిఫ్ట్ బ్రో, ఇంకోటి. మీకు పోసిన ఆయిల్ సీలు తీయని డబ్బాలోదా, సగం వాడిందా? పీఓఈ గాల్లో తేమను పీల్చేస్తుంది. సముద్రం పక్కన ప్లాంట్ రూమ్‌లో మూత వదులుగా ఉన్న డబ్బా వారం ఉంచితే అది ఇక చిల్లర్‌కు పనికిరాదు. తేమ లోపలికి వెళ్తే ఆయిల్ విరిగి యాసిడ్ తయారవుతుంది. మా దగ్గర మెట్ల కింద అలాంటి డబ్బాలు ఎప్పుడూ రెండు ఉంటాయి.

నైట్‌షిఫ్ట్ | జనవరి 30, రాత్రి 11:50

రెండోసారి పోసిన 4 లీటర్లు మొదటిసారి మిగిలిన డబ్బాలోవే. టెన్షన్ పెట్టకండి బ్రో.

నైట్‌షిఫ్ట్ | ఫిబ్రవరి 11, ఉదయం 6:20

అప్‌డేట్. ఈ చర్చను చీఫ్ గారికి చూపించలేదు, రీడింగులు మాత్రం ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. అప్రోచ్ 2.2, 4.6 పక్కపక్కన చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫిబ్రవరి 2న బ్యాంక్వెట్ బుకింగ్ లేని పూట చూసి ఆయనే షట్‌డౌన్ ఇప్పించారు.

ఎడక్టర్ లైన్ ఫిల్టర్ మార్చారు. పాతది కోస్తే లోపల నల్లటి ముద్ద. అదే రోజు నుంచి టవర్ ఫ్యాన్ సెట్టింగ్ 25 డిగ్రీలకు పెట్టాం. రాత్రి రెండు చిల్లర్లు చెరో 30 శాతం కాకుండా ఒక్కటే 65 శాతం మీద నడుపుతున్నాం, రోజు మార్చి రోజు.

మూడో రోజుకు గ్లాసు సగం. ఐదో రోజుకు ముప్పావు దాటింది. ఆరో రోజు గీతే కనిపించలేదు, పరవాడ అన్న మాట గుర్తొచ్చింది, నిండిపోయింది! మెషీన్ ఆపి 4 లీటర్లు తీశాం. రెండు రోజులు ఆగి ఇంకో 3. మొత్తం 7. ఇప్పుడు సగానికి కొంచెం పైన నిలబడింది. అప్రోచ్ 2.7. పగలు డిశ్చార్జ్ 47.

ఆయిల్ శాంపిల్ యాసిడ్ టెస్టుకు పంపాం.

యూనిట్ల లెక్క | ఫిబ్రవరి 11, ఉదయం 9:15

సంతోషం. కానీ ఫిల్టర్, టవర్, లోడ్ మూడూ ఒకే రోజు మార్చారు. ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది? పైగా ఫిబ్రవరి ఎండ కూడా మొదలైంది, అది నాలుగోది. టవర్‌ను మళ్లీ 22కు పెట్టి పది రోజులు చూడండి. లెవెల్ నిలబడితే నా మాట నిజం.

గాజువాక ఫిట్టర్ | ఫిబ్రవరి 11, ఉదయం 9:50

వచ్చే డిసెంబర్ దాకా మీ టవర్ 22 ఇవ్వదు సార్. అప్పుడు ఇదే చర్చలో కలుద్దాం. తమ్ముడూ, పోసింది 9, తీసింది 7. ఇంకా 2 లోపలున్నాయి, కుడి పేజీలో రాసి పెట్టుకో.

ఐస్‌ఫ్యాక్టరీ బాబాయ్ | ఫిబ్రవరి 11, ఉదయం 10:30

కుడి పేజీ నా కనిపెట్టుడే. గుర్తు పెట్టుకోండి.

ఏఎంసీ కుర్రోడు | ఫిబ్రవరి 11, మధ్యాహ్నం 2:00

తీసిన 7 లీటర్లు ఏం చేశారు? మళ్లీ పోయడానికి దాచలేదు కదా?

నైట్‌షిఫ్ట్ | ఫిబ్రవరి 12, రాత్రి 1:05

లేదు బ్రో. సెక్యూరిటీ వాళ్లు కొంచెం అడిగి తీసుకెళ్లి వెనక గేటు షట్టర్‌కు రాశారు. ఇప్పుడు చప్పుడే లేదు.

గాజువాక ఫిట్టర్ | ఫిబ్రవరి 12, ఉదయం 7:30

పీఓఈ కొన్ని పెయింట్లను మెత్తబరిచి లేపేస్తుంది. షట్టర్‌కు ఈమధ్యే రంగు వేసి ఉంటే ఇవాళే తుడిపించు.

నైట్‌షిఫ్ట్ | ఫిబ్రవరి 12, ఉదయం 7:42

సంక్రాంతికే వేశారన్నా. వెళ్తున్నా.